సూరి ఏ ఊరిది?

సుల్తానాబాద్,
3 నవంబర్ 2024

హనుమండ్లు బావగారికి,

పరశురాములు నమస్కారాలు. మొన్న ఫోన్ చేస్తే మీరు "ఎవలు? కరెంటోళ్ళా? బిల్లు కట్టినం" అని పెట్టేశారు. జిన్నింగు మిల్లు మోత మీ చెవులను తినేసిందని పెళ్లిలోనే చెప్పారు, నేనే మరిచాను. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

మా నవతను మీ హరీష్‌కు ఇచ్చి వియ్యంకులమయ్యాం గానీ, మన దోస్తానా కుదిరింది మాత్రం వంటల దగ్గర. ఉల్లిగడ్డ బస్తా మూతి తాడు ఊడక వంటవాళ్ళు గోళ్ళతో పీకుతుంటే, ఇటు నుంచి నేను, అటు నుంచి మీరు ఒక్కసారే జేబులో చెయ్యి పెట్టి మడత చాకులు తీశాం. పిల్ల తండ్రి, పిల్లగాని తండ్రి చాకులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడితే చుట్టాలు సగం మంది లేచి నిలబడ్డారు! తరువాత మనం ఒకరి చాకు ఒకరం చేతికిచ్చుకుని చూసుకుంటుంటే మా మేనత్త కమలవ్వ కోప్పడింది, యాదికుందా? "ఇనుము చేతికి చేతికి ఇయ్యొద్దుర! కింద వెట్టు, ఆయిన తీసుకుంటడు. లేకుంటె కొట్లాటైతది." మీకు వినబడక "ఆఁ, ఇంకింత పులుసు పోయుమను" అన్నారు.

నా చాకును ఈ కాగితం అడుగున పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాను. వేములవాడ జాతరలో కొన్నది, ఇత్తడి పిడి. రైసుమిల్లులో కాంటా దగ్గర కూర్చుంటాను, పొద్దంతా బస్తాల కుట్టుతాళ్ళు కోయడం దానితోనే. సాయంత్రం జామకాయ కోసుకునేదీ దానితోనే. అది జేబులో లేకుంటే నాకు లుంగీ కట్టుకోనట్టే ఉంటుంది. మీదీ గీసి పంపండి. ఫోటోలో చాకు సైజు తెలియదు, గీస్తే తెలుస్తుంది.

నవత ఎట్లా ఉందో రెండు ముక్కలు రాయండి. ఫోన్ చేస్తే "మంచిగున్న బాపు" తప్ప ఇంకో మాట చెప్పదు. ఒక్కతే బిడ్డ. అంత దూరం ఇచ్చానే అని ఇప్పటికీ గుండెలో గుబులు.

మీ బావ,
పరశురాములు


బోథ్,
11 నవంబర్ 2024

బావకు రాం రాం.

నీ ఉత్తరం అందింది. నీ తెలుగు పేపర్ల రాసినట్టు ఉన్నది. నాకు గట్ల రాదు, మాట్లాడినట్టే రాస్త, చదువుకో.

నీ చాకు గీత మీద నా చాకు పెట్టి చూసిన. నాదే బొటనేలంత పొడుగు! కుళ్ళుకోకు. కింద గీసిన చూడు. ఆదిలాబాద్ల దుకాణంల కొన్న, బొక్క పిడి, ఎముకతోని చేసింది. ఎద్దు గిట్టల ముల్లు తీయవోతె కొన జర ఇరిగింది. గీతల గూడ ఇరిగినట్టే గీసిన, అబద్ధం గీయద్దు గదా. పత్తి ఏరేకాడ జొన్నరొట్టె మీదికి ఉల్లిగడ్డ కోసుకుంటె ఆ రుచే వేరు. పండ్లతోని కొరికిన ఉల్లిగడ్డకు, చాకుతోని కోసిన ఉల్లిగడ్డకు ఫరక్ ఉంటదంటె నా ఇంటామె చంద్రవ్వ నవ్వుతది. నువ్వే చెప్పు, ఉంటదా ఉండదా?

పత్తికి ఈసారి వాన కొట్టింది. ఉన్నకాడికి ఏరుతున్నం.

బిడ్డ సంగతి అడిగినవు. బంగారమసొంటి పిల్ల బావా. నా ఇంటామెకు కుడిచెయ్యి అయింది. ఒక్క సూరి కాడనే మావోనితోని జర పంచాయితి. హరీష్‌కు సూరి అంటె పానం. పెండ్లికి ముందునుంచి గంతే. పొద్దుగాల లేసుడుతోనే సూరి ఏదని దేవులాడుతడు. చేన్లల్ల డ్రిప్పు పైపులు బిగిచ్చే పనికి ఏడికి వోయినా సూరి ఎంబడి ఉండాలె. మొన్న ఆలుమగలు నిర్మల్ పోదామని బస్సెక్కిన్రు. సగం తొవ్వల, సూరిని ఇంట్ల ఇడిసి వచ్చిన అని యాదికొచ్చి వాడు దిగి వాపసు వచ్చిండు! నీ బిడ్డ ఒక్కతే పోయి బట్టలు కొనుక్కొని వచ్చింది. వచ్చినంక "నేనా, సూరియా? ఒక్కటి చెప్పు" అన్నదట. నవ్వుకుంట అన్నదో ఏడ్సుకుంట అన్నదో నా చెవులకు ఏం తెలుస్తది, అటు మొఖం తిప్పి ఉండె. వయసుల నేను గూడ గంతే ఉంటి. నువ్వు ఫికర్ చెయ్యకు.

నీ బావ
హనుమండ్లు


సుల్తానాబాద్,
17 నవంబర్ 2024

హనుమండ్లు బావగారికి నమస్కారాలు.

మీ చాకు గీత అందింది. బాగుంది. ఉల్లిగడ్డ సంగతి మీరన్నది నిజమే.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆడపిల్ల తండ్రిని, అడగకుండా ఉండలేను. సూరి ఏ ఊరిది? ఎన్నాళ్ళ నుంచి ఉంది? మీకూ చంద్రవ్వ అక్కకూ మొదటి నుంచీ తెలుసా? పెళ్లి మాటలప్పుడు మాకు ఒక్క ముక్కయినా చెప్పలేదేం? అయిందేదో అయింది. మా బిడ్డ మీ ఇంట్లో అడుగు పెట్టిన తరువాత కూడా హరీష్ ఉంచుకోవాల్సిందేనా? మీరు తండ్రి, గట్టిగా ఒక్క మాట చెబితే వింటాడు కదా.

ఈ సంగతి మా ఇంటావిడ కోమలకు చెప్పలేదు. ఆమెకు బీపీ. నవతకు ఫోన్ చేస్తే అదే మాట, "మంచిగున్న బాపు." అంతకన్నా తండ్రిని నేను ఏం అడగగలను? మీరు ఉన్నదున్నట్టు రాయండి.

పరశురాములు


బోథ్,
23 నవంబర్ 2024

బావకు రాం రాం.

ఓరి నీ! ఇన్ని సవాళ్ళు సూరి గురించేనా? నీకు గింత ఇష్టమని తెలిస్తె పెండ్లిలనే చూపెడుదు.

సూరి కిన్వట్‌ది. మా అత్తది మహారాష్ట్ర దిక్కు, ఆమె వచ్చేటప్పుడు ఎంబడి తెచ్చింది. మొదలు నా కాడనే ఉండె. చంద్రవ్వ ఏమన్న అన్నదా? ఆమెనే వారం వారం నూనె పెట్టేది. పోరడు పెద్దగైనంక మోజు వడ్డడు. నాకు మనసొప్పలే గని, కొడుకు గదా, వానికే ఇచ్చేసిన. వయసు మీద పడ్డది గని బావా, ఇప్పటి వాటికి ఆ ఒడుపు ఏడ వస్తది!

పెండ్లి మాటలల్ల ఎందుకు చెప్పలేదంటవ్. గది గూడ చెప్పుకునే ముచ్చటేనా?

ఇగ ఉంచుకునుడు సంగతి. ఉంచుకుంటె తప్పేంది? నువ్వు ఉంచుకోలేదా, నేను ఉంచుకోలేదా? మగోడన్నంక ఒకటి ఉండాలె. నేనైతె రెండు ఉంచుకున్న, ఒకటి ఇంట్ల, ఒకటి చేన్ల. నవత గూడ అలవాటు పడుతది, కొత్త గదా.

నీకు గంత మనసైతె సిగ్గు పడకు. హరీష్‌కు నచ్చజెప్పి నీ కాడికే పంపిస్త. నాలుగు దినాలు ఉంచుకొని పంపు. కోమలక్క ఏమనదు గదా?

నీ బావ
హనుమండ్లు


సుల్తానాబాద్,
29 నవంబర్ 2024

హనుమండ్లూ,

ఏం మనిషివయ్యా నువ్వు! గా ఉత్తరం చదివినంక నాకు పేపర్ల రాసినట్టు రాసుడు రాదు. నాలుగు దినాలు ఉంచుకొని పంపుమంటవా? నన్నేమనుకున్నవ్? నీకు రెండు ఉండనీ, పది ఉండనీ, నాకు అసొంటి అలవాటు లేదు, మా ఇంట ఎన్నడు లేదు. తండ్రి ఇడిసింది కొడుకు పట్టుకునుడా! చంద్రవ్వక్క నూనె పెట్టుడా! ఆమె ఎట్ల ఓర్సుకున్నదో నాకైతె సమజైతలేదు.

కోమలకు చెప్పిన. చెప్పక తప్పలే. పొద్దటి నుంచి ముక్కు చీదుకుంట పొయ్యి కాడ కూసున్నది. మా కులపెద్ద రాయమల్లుకు గూడ చెప్పిన, అల్లునికి ఇంకోటి ఉన్నదని. వచ్చే శనివారం జీపు మాట్లాడుకొని వస్తున్నం. నా బిడ్డను నేను తోలుకపోత.

మేం వచ్చేలోపల గా సూరి ఫోటో పంపు. పెద్దమనుషుల ముందల పెట్టాలె. స్పీడు పోస్టుల పంపు, మళ్ళ అందలేదు అనద్దు.

నా చాకును బీరువల పడేసిన. నీతోని చాకుల ముచ్చట పెట్టుకున్నందుకు నాకే సిగ్గయితుంది. నిన్న మిల్లుల కుట్టుతాడు పండ్లతోని తెంపవోతె పన్ను కదిలింది. గది గూడ నీ పుణ్యమే.

పరశురాములు


బోథ్,
4 డిసెంబర్ 2024

బావకు రాం రాం.

కోపంల మంచిగ మన భాష రాసినవు. చదువ సక్కగ ఉన్నది. గని రాసిన మాటలు సక్కగ లేవు.

చంద్రవ్వా నేను మూడు మాట్ల చదువుకున్నం. ఒక సూరి కోసం జీపెందుకు, పెద్దమనుషులెందుకు, మాకు సమజ్ కాలే. అడగకముందే ఇస్త అన్నందుకు నీకు పౌరుషం వచ్చిందా? నాకు అసొంటి అలవాటు లేదంటివి. మరి నీ జేబుల ఉన్నదేంది? చంద్రవ్వనేమో, బిడ్డ పండుకునే అర్రల పదునైనది ఉండద్దని ఆయిన భయం కావచ్చు అంటుంది. గదే అయితె గట్లనే రాయరాదా.

ఫోటో అడిగినవు. మనకు ఫోటోలు ఎందుకు, మన పద్ధతి మనకు లేదా? హరీష్‌ను అడిగి తీసుకొని, సూరిని కాగితం మీద పండవెట్టి చుట్టూ గీసిన. మడత మొత్తం తెరిసిన, కాగితం సాలలే, కొనకు ఇంకో ముక్క అతికిచ్చిన. పిడి టేకు కట్టె. పిడి మీద మూడు చుక్కలు రివిట్లు. నడుమ వంకర గీత నా చెయ్యి జారి పడ్డది గాదు, సూరి మీద నిజంగనే ఉన్నది, సానరాయి తగిలింది. కిన్వట్ లోహారి చేతితోని కొట్టిన ఇనుము. ఇగో, ఇదే సూరి. దొంగసొమ్ము గాదు, ఎవల రక్తం చూసింది గాదు. ఏ పెద్దమనిషికి చూపెడుతవో చూపెట్టుకో.

బిడ్డను తోలుకపోత అన్న మాట నాకు ముల్లు గుచ్చినట్టయింది. చంద్రవ్వ కొంగు కండ్లకు పెట్టుకున్నది. నవతకు ఇంకా చెప్పలే. పిల్ల వచ్చినంకనే ఇంట్ల మనిషి మాట ఇనవస్తుంది బావా, నా చెవికాడ నోరు పెట్టి ఓపికతోని చెప్పేది అదొక్కతే. సూరి వద్దంటె బావిల పారేస్త. పిల్లను మాత్రం తీసుకపోకు.

హనుమండ్లు


సుల్తానాబాద్,
8 డిసెంబర్ 2024

హనుమండ్లు బావగారికి,

మీ కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పండి, ముందు మొక్కి తరువాత రాస్తాను.

నిన్న శనివారం పొద్దున మా ఇంటి ముందు జీపు ఆగి ఉంది. రాయమల్లు కొత్త రుమాలు చుట్టుకుని ముందు సీటులో కూర్చున్నాడు. కోమల తొవ్వలో తినడానికి పులిహోర మూట కట్టింది. ఏడుస్తూనే కట్టింది. అప్పుడు వచ్చింది మీ స్పీడు పోస్టు. అందరి ముందూ చింపాను. ఏం కనబడింది? ఇంత పొడుగు చాకు! బావా, ఒట్టు, మొదట మీరు నన్ను బెదిరిస్తున్నారనుకున్నాను. "బిడ్డ కోసం వస్తే పొడుస్తా" అని బొమ్మ గీసి పంపారని రెండడుగులు వెనక్కి వేశాను. జీపు పట్టుకుని నిలబడి మిగతాది చదివాను. "ఇగో, ఇదే సూరి" అన్న దగ్గర ఆగిపోయాను. మళ్ళీ చదివాను. మళ్ళీ బొమ్మ చూశాను.

సూరి అంటే చాకు!

కాగితం రాయమల్లు చేతిలో పెట్టాను. ఆయన పెద్ద చదువరి కాడు గానీ వయసులో మహారాష్ట్రలో చాందా దిక్కు బొగ్గుబాయిలో పనిచేశాడు. చూసీ చూడగానే "మరాఠోళ్ళు చాకును సూరి అంటర్రా పరశురాములూ" అన్నాడు.

"మరి ముందుగాల చెప్పద్దా?" అన్నాను.

"నువ్వు పేరు ఎన్నడు చెప్పినవ్? అల్లునికి ఇంకోటి ఉన్నదనే చెప్తివి గని" అన్నాడు.

కోమల ముందు నవ్వింది, తరువాత ఏడ్చింది, ఆ తరువాత చేతిలోని పులిహోర మూటతోనే నా వీపు మీద ఒక్కటి వేసింది. "బంగారమసొంటి పిల్లగాన్ని పట్టుకొని గింత మాటంటవా! బాగ అయింది. నీ చెవులు మంచిగుండి ఏం లాభం?" అని. వాడకట్టంతా చూసింది. చూడనీ. నాకైతే ఆ దెబ్బ చల్లగా తగిలింది. ఇరవై దినాల నుంచి గొంతు దిగని అన్నం నిన్న రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. జీపు కదలనే లేదు. అందులోనే కూర్చుని నలుగురం పులిహోర తిన్నాం, డ్రైవరుతో సహా.

నా తప్పేముంది చెప్పండి? మా వాడకట్టులో పెరుగమ్మే సూరమ్మ ఉంది, అందరం సూరి అనే పిలుస్తాం. మీ మొదటి ఉత్తరం చదివిన నాటి నుంచి నా కళ్ళ ముందు ఆమే, వయసులో ఉన్నట్టు! మన మాట కూడా అట్లాంటిదే. ఆడమనిషి పోయినా "పోయింది" అంటాం, చాకు పోయినా "పోయింది" అంటాం. మగమనిషిలా "పోయిండు" అని ఉంటే ఇంత గోల ఉండేది కాదు. పైగా మీరు, "రెండు ఉంచుకున్న, ఒకటి ఇంట్ల ఒకటి చేన్ల" అని రాస్తిరి! చంద్రవ్వ అక్క ఎట్లా ఓర్చుకుంటుందో అని ఆమె కోసం కూడా బాధపడ్డాను.

అక్కకు నా తరఫున క్షమాపణ చెప్పండి. మీకు నేనే వచ్చి చెబుతాను. హరీష్‌కు ఏమీ తెలియనీయకండి, అల్లుని ముందు తల ఎత్తుకోలేను. సూరిని బావిలో పారేయకండి. అంత మంచి ఇనుము! ఆ వంకర గీత ఉన్న చాకును ఒక్కసారి చేతిలో పట్టుకుని చూడాలని ఉంది.

నా చాకును బీరువా నుంచి తీసి జేబులో వేసుకున్నాను. లుంగీ కట్టుకున్నట్టయింది.

మీ బావ,
పరశురాములు


బోథ్,
14 డిసెంబర్ 2024

బావకు రాం రాం.

కాళ్ళు మొక్కుత అన్న నీ మొదటి ముక్క చూసి, మిగతా ఉత్తరం నవతతోనే చదివిపిచ్చుకున్న. హరీష్‌కు తెలువనియ్యద్దు అని నువ్వు రాసింది ఆఖర్ల ఉండె, అప్పటికే వాడు పక్కన నిలబడి అంత విన్నడు. ఏం చేస్త! కడుపు పట్టుకొని కింద కూసున్నడు. చంద్రవ్వ నా దిక్కు చూసి "చేన్ల ఉన్నదాన్ని ఓసారి ఇంటికి తోలుకరా, నూనె వెడుత" అంటుంది. రెండు దినాల నుంచి గిదే నడుస్తుంది మా ఇంట్ల.

మా ఇంట్ల దుకాణంల కొన్నది చాకు, కిన్వట్ నుంచి వచ్చింది సూరి. పోరడు పుట్టకముందు నుంచి గంతే. నీకు తెలువదని నాకు తట్టలే. నాదీ తప్పున్నది.

నవత చదువుకుంట చదువుకుంట జీపు కాడికి వచ్చినంక ఆగింది. "బాపు నా కోసం జీపు కట్టిచ్చిండా మామా?" అని అడిగింది. అవునంటె కండ్లు తుడుసుకున్నది. బస్సు నాడు నవ్వుకుంటనే అన్నదట, "నేనా సూరియా" అని. నా చెవుల మీద మన్ను వొయ్య. ఇగ నుంచి ఫోన్ల ఒక్క ముక్క చెప్పి ఊకోదు, చూడు.

ఇగ అసలు ముచ్చట. నవతకు మూడో నెల. కోమలక్కకు ఫోన్ల చెప్తా అంటె, ఆగు, మీ బాపుకు నేను రాస్త, ఇన్ని దినాలు ఏడిపిచ్చిన గదా, నవ్విపిచ్చుడు గూడ నా చేతితోనే కానీ అన్న.

కడుపుతోని ఉన్న పిల్ల తలాపుకు ఇనుము ఉండాలె గదా. చంద్రవ్వ హరీష్ జేబులకెల్లి సూరిని గుంజుకొని నీ బిడ్డ మెత్త కింద పెట్టింది. కాన్పు అయ్యేదాక ముట్టద్దు అన్నది. ఇగ పోరడు పైపుల పనికి నా బొక్క పిడి చాకు అడుక్కొని పోతుండు. నిన్న నవతను పట్టుకొని "నేనా, సూరియా? ఒక్కటి చెప్పు" అన్నడు.

"సూరినే" అన్నది నీ బిడ్డ. ఈసారి నాకు మంచిగ ఇనవడ్డది.

గా జీపాయనకు మళ్ళ చెప్పు. కోమలక్కను తీసుకరా, కమలవ్వను తీసుకరా, ఆమె మాటనే నిజమైంది. రాయమల్లును గూడ ఎక్కిచ్చుకో, నా మాటలు నీకు సమజ్ చేసేటోడు ఒకడు ఉంటడు. నీ చాకు తెచ్చుకో. సూరిని చూపెడుత. చేతికియ్య, కింద పెడుత, నువ్వే తీసుకో. కొట్లాట ఒక్కటి సాలు మనకు.

నీ బావ,
రెండు ఉంచుకున్న
హనుమండ్లు